కాంజుగేటెడ్ ఆరోమాటిక్ పాలిమర్ స్ట్రక్చర్ చూసి దాని గుణం చెప్పడం ఎలా: కాగితం, పెన్సిల్‌తో మొదలుపెట్టి ల్యాబ్ దాకా

ఎమ్మెస్సీ కెమిస్ట్రీలోనో బీటెక్ మెటీరియల్స్‌లోనో కండక్టింగ్ పాలిమర్స్ అని ఒక యూనిట్ ఉంటుంది, అందులో పాలీఅనిలిన్, పాలీపైరోల్, పాలీథయోఫీన్, పీపీవీ (పాలీపారాఫినిలీన్ వినైలీన్) అని నాలుగు బొమ్మలు బట్టీ పట్టి పరీక్ష రాసేస్తాం. ఆ తర్వాత ప్రాజెక్ట్‌లోనో పీహెచ్‌డీలోనో ఇదివరకు చూడని పాలిమర్ ఒకటి ఎదురైతే ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. నిజానికి ఈ కాంజుగేటెడ్ (డబుల్, సింగిల్ బాండ్లు మార్చి మార్చి వచ్చే) పాలిమర్ల స్ట్రక్చర్‌లోనే అన్నీ ఉంటాయి: రంగు ఏంటి, కరుగుతుందా లేదా, కరెంట్ ఎలా పాస్ చేస్తుంది, ఆక్సిడెంట్ (ఎలక్ట్రాన్లు లాక్కునే కెమికల్) ఎన్ని గ్రాములు వెయ్యాలి అన్నది కూడా. సరైన వరసలో ప్రశ్నలు అడగాలంతే. ఆ వరస ఏంటో ఇక్కడ మొత్తం రాస్తున్నాను. పక్కన తెల్లకాగితం, పెన్సిల్, రబ్బర్ పెట్టుకుని చదవండి, ఎందుకంటే ప్రతి స్టెప్‌లో మీ చేత్తో బొమ్మ గీయకపోతే ఇది ఎక్కదు.

ముందు చిన్న నేపథ్యం. 1977లో హిదెకి షిరకావా, అలాన్ మెక్‌డయార్మిడ్, అలాన్ హీగర్ కలిసి పాలీఎసిటిలీన్‌కి అయోడిన్ లాంటి హాలోజెన్ ఆవిరి తగిలిస్తే దాని కండక్టివిటీ కోట్ల రెట్లు పెరుగుతుందని చూపించారు, అందుకే 2000లో ముగ్గురికీ కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. కానీ పాలీఎసిటిలీన్ గాలి తగిలితే పాడైపోతుంది, వాడకానికి నిలబడింది ఎక్కువగా రింగులున్న పాలిమర్లే. అందుకే ఈ గైడ్ మొత్తం రింగుల గురించే.

స్టెప్ 1: రిపీట్ యూనిట్ పట్టుకోండి, కానీ ఒక్కటి గీసి ఆగకండి

పుస్తకంలో బ్రాకెట్ వేసి పక్కన ఎన్ అని రాసి ఉంటుంది కదా, ఆ బ్రాకెట్‌ని కోసుకుంటూ బయటికి వచ్చే రెండు గీతలు ఏ కార్బన్ల మీద నుంచి వస్తున్నాయో ముందు చూడండి. థయోఫీన్ అయితే సల్ఫర్ 1, దాని పక్క కార్బన్లు 2, 5. మంచి పాలీథయోఫీన్‌లో లింకులు 2, 5 దగ్గరే ఉండాలి. బెంజీన్ రింగ్ అయితే 1, 4 అంటే పారా. ఇక్కడ పారాయా మెటాయా (1, 3) అన్నది చిన్న విషయం కాదు, పారా లింకులో ఒక రింగ్‌లోని పై (π) ఎలక్ట్రాన్లు అవతలి రింగుతో నేరుగా కలిసిపోతాయి, మెటా లింకులో క్వినాయిడ్ రూపం (స్టెప్ 3లో వస్తుంది) గీయడానికే కుదరదు కాబట్టి కాంజుగేషన్ అక్కడ దాదాపు తెగిపోయినట్టే.

ఇప్పుడు అదే యూనిట్‌ని వరసగా నాలుగుసార్లు గీయండి. చాలామంది ఒకటి గీసి సరిపెట్టేస్తారు. ఒక్క యూనిట్‌లో మనకి కావాల్సినవేవీ కనపడవు, రింగుకీ రింగుకీ మధ్య ఉన్న బాండే ఈ సబ్జెక్ట్ మొత్తానికి కీలకం, అది కనిపించాలంటే కనీసం రెండు కావాలి, పాలీఅనిలిన్‌కి అయితే నాలుగు తప్పనిసరి (ఎందుకో స్టెప్ 7లో వస్తుంది).

స్టెప్ 2: ఒక చివర నుంచి ఇంకో చివరకి నడవండి

పెన్సిల్ మొన ఎడమ చివర పెట్టి డబుల్, సింగిల్, డబుల్, సింగిల్ అనుకుంటూ కుడి చివరకి వెళ్లండి. మధ్యలో ఎక్కడా రెండు సింగిల్ బాండ్లు వరసగా రాకుండా దారి దొరికితే అది కాంజుగేటెడ్. దారిలో నైట్రోజన్ వస్తే దాని లోన్ పెయిర్ (బాండ్‌లో లేని ఎలక్ట్రాన్ జంట) π సిస్టమ్‌లోకి దిగుతుందా చూడండి, దిగితే దారి తెగనట్టే, పాలీఅనిలిన్ బతుకుతున్నది దాని మీదే.

ఆరోమాటిక్ రింగ్ ఉన్నంత మాత్రాన కాంజుగేటెడ్ పాలిమర్ అయిపోదు. థర్మోకోల్ అంటే పాలీస్టైరీన్, దానిలో ప్రతి రెండో కార్బన్‌కి ఒక బెంజీన్ రింగ్ వేలాడుతూ ఉంటుంది, కానీ మెయిన్ చెయిన్ అంతా ఎస్‌పీ3 (అన్నీ సింగిల్ బాండ్లే ఉన్న) కార్బన్లు, కాబట్టి అది పక్కా ఇన్సులేటర్. నీళ్ల బాటిల్ చేసే పెట్ (పీఈటీ) ప్లాస్టిక్‌లో రింగ్ మెయిన్ చెయిన్‌లోనే ఉంది, అయినా రెండు రింగుల మధ్య ఎస్టర్లు, సీహెచ్2లు అడ్డం వస్తాయి, అందుకే బాటిల్ అద్దంలా రంగు లేకుండా ఉంటుంది.

ఇంకో చిక్కు ఉంది, దీని దగ్గర బాగా చదివినవాళ్లు కూడా ఆగిపోతారు. పాలీఫ్లోరీన్‌లో 9వ కార్బన్ ఎస్‌పీ3, దానికి రెండు ఆక్టైల్ చెయిన్లు తగిలించి ఉంటాయి. ఎస్‌పీ3 కనపడగానే కాంజుగేషన్ తెగిపోయింది అనుకుంటారు. కానీ మీరు నడవాల్సిన దారి 2 నుంచి 7కి, ఆ దారి రెండు బెంజీన్ రింగుల మీదుగా, వాటిని కలిపే బాండ్ మీదుగా వెళ్తుంది, 9వ కార్బన్ పక్కన వంతెనలా ఉండి రెండు రింగుల్నీ ఒకే ప్లేన్‌లో బిగించి పట్టుకుంటుంది. దారిలో ఉన్న ఎస్‌పీ3 వేరు, దారి పక్కన ఉన్న ఎస్‌పీ3 వేరు.

స్టెప్ 3: క్వినాయిడ్ బొమ్మ గీయండి

నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యమైన స్టెప్ ఇదే, క్లాసుల్లో అన్నింటికంటే తక్కువ టైమ్ ఇచ్చేదీ దీనికే.

మామూలు బొమ్మలో డబుల్ బాండ్లు రింగ్ లోపల, రింగుల మధ్య సింగిల్ బాండ్ ఉంటాయి, దీన్ని ఆరోమాటిక్ లేదా బెంజినాయిడ్ రూపం అంటాం. ఇప్పుడు రబ్బర్ తీసుకుని ప్రతి డబుల్ బాండ్‌నీ ఒక స్థానం జరపండి. రింగుల మధ్య బాండ్ డబుల్ అవుతుంది, రింగ్ లోపల ఆరోమాటిసిటీ పోతుంది, అదే క్వినాయిడ్ రూపం. ట్రాన్స్ పాలీఎసిటిలీన్‌లో ఇలా జరిపితే రెండు రూపాల ఎనర్జీ ఒకటే. రింగులున్న పాలిమర్లలో అలా కాదు, క్వినాయిడ్ పైన ఉంటుంది, ఎందుకంటే ఆరోమాటిసిటీ పోగొట్టుకోవాలి కాబట్టి.

ఎంత పోతుంది అన్నది రింగుని బట్టి ఉంటుంది. బెంజీన్ రెజొనెన్స్ ఎనర్జీ (ఆరోమాటిసిటీ వల్ల వచ్చే స్థిరత్వం) మోల్‌కి 36 కిలోకేలరీలు, థయోఫీన్‌ది దాదాపు 29, పైరోల్ 21 దగ్గర, ఫ్యూరాన్ 16 దగ్గర. బెంజీన్ తన ఆరోమాటిసిటీని అంత తేలిగ్గా వదలదు, కాబట్టి బెంజీన్ రింగులే వరసగా ఉండే పాలీపారాఫినిలీన్‌లో ఎలక్ట్రాన్లు రింగుల్లోనే ఎక్కువగా ఉండిపోతాయి, బ్యాండ్ గ్యాప్ (నిండిన లెవెల్ నుంచి ఖాళీ లెవెల్‌కి ఎలక్ట్రాన్ ఎక్కడానికి కావాల్సిన ఎనర్జీ) సుమారు 3 ఎలక్ట్రాన్ వోల్టులు. రెండు బెంజీన్ల మధ్య ఒక వినైలీన్ (సీహెచ్=సీహెచ్) పెడితే పీపీవీ, గ్యాప్ 2.5 దగ్గరకి దిగుతుంది. పాలీథయోఫీన్ 2 దగ్గర.

మరి ఇంకా కిందకి దింపాలంటే? క్వినాయిడ్ రూపానికి ఏదో ఒక లాభం చూపించాలి. 1984లో ఫ్రెడ్ వుడ్ల్, హీగర్ వాళ్ల టీమ్ పాలీఐసోథయానాఫ్తీన్‌తో చేసింది అదే. అందులో థయోఫీన్ వీపుకి ఒక బెంజీన్ అతికి ఉంటుంది. గీసి చూడండి: థయోఫీన్ ఆరోమాటిక్‌గా ఉన్నప్పుడు అతికిన ఆరు కార్బన్ల రింగులో సరైన బెంజీన్ బొమ్మ రాదు, థయోఫీన్ క్వినాయిడ్ అయిన మరుక్షణం అక్కడ పూర్తి బెంజీన్ ప్రత్యక్షమవుతుంది. ఒక రింగ్ పోగొట్టుకుంటే ఇంకో రింగ్ సంపాదించుకుంటుంది, అందుకే గ్యాప్ సుమారు 1 ఎలక్ట్రాన్ వోల్ట్‌కి పడిపోయింది. ఇవాళ సోలార్ సెల్స్ కోసం డిజైన్ చేసే లో బ్యాండ్ గ్యాప్ పాలిమర్లలో చాలావాటి వెనక ఉన్న ఆలోచన ఇదే, ఆ ఒక్క బొమ్మ అర్థమైతే సగం సబ్జెక్ట్ వచ్చినట్టే.

స్టెప్ 4: కాగితం మీద ఫ్లాట్‌గా ఉన్నది నిజంగా ఫ్లాట్‌గా ఉందా?

రెండు రింగుల పీ ఆర్బిటాళ్లు ఒకదానితో ఒకటి సమాంతరంగా ఉంటేనే కలుస్తాయి. మధ్య బాండ్ తిరిగి కోణం తీటా వస్తే కలయిక కాస్ తీటా ప్రకారం తగ్గుతుంది, 30 డిగ్రీల దాకా పెద్ద నష్టం ఉండదు (కాస్ 30 అంటే 0.87), 60 దగ్గర సగానికి పడిపోతుంది, 90 దగ్గర సున్నా.

అందుకని మీ బొమ్మలో మధ్య బాండ్‌కి అటూ ఇటూ ఉన్న ఆర్థో హైడ్రోజన్లు గీయండి. బైఫినైల్‌లో అవి ఆర్టీసీ బస్సులో ముగ్గురి సీటులో కూర్చున్నవాళ్ల మోచేతుల్లా ఒకదానికొకటి తగులుతాయి, అందుకే గ్యాస్ ఫేజ్‌లో బైఫినైల్ దాదాపు 44 డిగ్రీలు తిరిగి ఉంటుంది. పాలీపారాఫినిలీన్‌కీ ఇదే బాధ. పీపీవీలో మధ్య ఉన్న వినైలీన్ వల్ల రింగులు దూరం జరిగి దాదాపు ఫ్లాట్ అవుతాయి. థయోఫీన్‌వి ఐదు మెంబర్ల రింగులు, సల్ఫర్ వైపు హైడ్రోజన్ లేదు, కోణాలు కూడా బయటికి తెరుచుకుని ఉంటాయి కాబట్టి ఇరుకు తక్కువ. ఫ్లోరీన్‌లో సగం మధ్య బాండ్లకి ఆ 9వ కార్బన్ తాళం వేసింది. పాలిమర్ కొత్తదైనా పాతదైనా ఈ ఒక్క చెక్ చేస్తే రంగు ఎటు జరుగుతుందో ఊహించొచ్చు: మెలి ఎక్కువైతే అబ్సార్ప్షన్ బ్లూ వైపు, ఫ్లాట్ అయితే రెడ్ వైపు.

స్టెప్ 5: సైడ్ చెయిన్ ఎక్కడుంది, ఎటు చూస్తోంది

సైడ్ చెయిన్ లేని పాలీథయోఫీన్ ఏ సాల్వెంట్‌లోనూ కరగదు, వేడి చేసినా కరగదు, బ్రౌన్ పొడిలా ఉండిపోతుంది. గట్టి రాడ్ లాంటి చెయిన్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని పోవడమే కారణం. 3వ స్థానంలో హెక్సైల్ (ఆరు కార్బన్ల గొలుసు) తగిలిస్తే పీ3హెచ్‌టీ, అంటే పాలీ(3-హెక్సైల్‌థయోఫీన్), క్లోరోఫామ్‌లో హాయిగా కరుగుతుంది.

కానీ హెక్సైల్ పెట్టగానే రింగుకి తల, తోక వచ్చేశాయి. హెక్సైల్‌కి దగ్గర ఉన్న 2వ కార్బన్ హెడ్, 5వది టెయిల్. రెండు రింగులు కలిసేటప్పుడు హెడ్ టు టెయిల్, హెడ్ టు హెడ్, టెయిల్ టు టెయిల్ మూడూ సాధ్యమే. హెడ్ టు హెడ్ వచ్చిన చోట రెండు హెక్సైళ్లు ఒకదానికొకటి తగిలి రింగులు మెలి తిరుగుతాయి, అంటే మళ్లీ స్టెప్ 4. ఫెర్రిక్ క్లోరైడ్ వేసి మామూలుగా ఆక్సిడైజ్ చేస్తే హెడ్ టు టెయిల్ సుమారు 70 నుంచి 80 శాతమే వస్తుంది. 1992లో రిచర్డ్ మెక్‌కల్లో ఒకపక్క, రూబెన్ రీక్ ఇంకోపక్క దాదాపు అంతా హెడ్ టు టెయిల్ ఉండే పాలిమర్ చేసే పద్ధతులు తెచ్చారు. ఇప్పుడు ల్యాబుల్లో ఎక్కువగా వాడేది ఆ తర్వాత వచ్చిన గ్రిమ్ పద్ధతి: 2,5-డైబ్రోమో-3-హెక్సైల్‌థయోఫీన్ తీసుకుని ఒక ఈక్వివలెంట్ గ్రిగ్నార్డ్ రియేజెంట్ వేసి, తర్వాత నికెల్ క్యాటలిస్ట్ వేస్తారు, నీటి తడి అస్సలు ఉండకూడదు.

రెజియోరెగ్యులర్ (దాదాపు అంతా హెడ్ టు టెయిల్ ఉన్న) పీ3హెచ్‌టీని క్లోరోఫామ్‌లో కరిగిస్తే నారింజ రంగు, పీక్ 450 నానోమీటర్ల దగ్గర. అదే ద్రావణం ఒక చుక్క గ్లాస్ స్లైడ్ మీద వేసి ఆరనివ్వండి, అంచుల నుంచి లోపలికి నారింజ పోయి ముదురు ఊదా ఫిల్మ్ అవుతుంది. కెమికల్‌గా ఏమీ మారలేదు, ద్రావణంలో మెలికలు తిరిగి ఉన్న చెయిన్లు ఫిల్మ్‌లో ఫ్లాట్ అయి సుమారు 3.8 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో ఒకదాని మీద ఒకటి పేర్చుకున్నాయి, 605 దగ్గర ఒక భుజం లాంటి పీక్ కూడా వస్తుంది. పై స్టెప్ మొత్తాన్ని కళ్లతో చూపించే ప్రయోగం ఇంతకంటే తేలికైనది నాకు తెలీదు.

రెజియోరెగ్యులారిటీ ఎంతుందో తెలుసుకోవాలంటే ప్రోటాన్ ఎన్ఎంఆర్‌లో రింగ్ హైడ్రోజన్ చూడండి. అంతా హెడ్ టు టెయిల్ అయితే 6.98 పీపీఎం దగ్గర ఒకే పీక్, తప్పు లింకులుంటే 7.00, 7.02, 7.05 దగ్గర అదనపు పీకులు. హెక్సైల్‌లో రింగుకి ఆనుకున్న సీహెచ్2 ఇంకా తేలిక: 2.8 అయితే హెడ్ టు టెయిల్, 2.6 కి కొంచెం కింద అయితే హెడ్ టు హెడ్, రెండింటి ఇంటిగ్రేషన్ నిష్పత్తి తీస్తే శాతం వచ్చేస్తుంది.

పెడాట్, అంటే పాలీ(3,4-ఇథిలీన్‌డయాక్సీథయోఫీన్)లో ఈ తలనొప్పే లేదు. 3, 4 రెండు స్థానాల్నీ ఇథిలీన్‌డయాక్సీ రింగ్ మూసేసింది, మోనోమర్ సిమెట్రిక్, కాబట్టి తలా తోకా ఉండవు, పొరపాటున 3 దగ్గర లింక్ అయ్యే అవకాశం కూడా లేదు. పైగా ఆక్సిజన్లు ఎలక్ట్రాన్లు ఇస్తాయి కాబట్టి ఆక్సిడేషన్ తేలిక, వచ్చిన చార్జ్ నిలకడగా ఉంటుంది. 1980ల చివర్లో జర్మనీలో బేయర్ కంపెనీ చేసిన ఈ చిన్న మార్పు అందంగా అనిపిస్తుంది నాకు, ఒక్క రింగ్‌తో మూడు సమస్యలు తీరాయి.

స్టెప్ 6: చార్జ్ ఎక్కించండి

ఇప్పటిదాకా గీసినదంతా న్యూట్రల్ పాలిమర్, అది సెమీకండక్టర్ మాత్రమే. కరెంట్ కావాలంటే డోపింగ్ చెయ్యాలి, అంటే చెయిన్ మీద చార్జ్ పుట్టించాలి. నాలుగైదు థయోఫీన్లు గీసి ఉన్న కాగితం తీసుకోండి. ఒక ఎలక్ట్రాన్ తీసేయండి: ఒక చోట ప్లస్, కొంత దూరంలో ఒంటరి ఎలక్ట్రాన్ మిగులుతాయి, రెండింటి మధ్య ఉన్న రింగులన్నీ క్వినాయిడ్ రూపంలోకి మారాలి, మారకపోతే వేలెన్సీలు సరిపోవు, గీసి చూస్తే మీకే తెలుస్తుంది. ఈ ముక్క పేరే పోలరాన్. ఇంకో ఎలక్ట్రాన్ తీస్తే రెండు ప్లస్‌లు, మధ్యలో క్వినాయిడ్, అది బైపోలరాన్. క్వినాయిడ్ ఎనర్జీ ఎక్కువ కాబట్టి ఆ ముక్క చెయిన్ అంతా పాకదు, కొన్ని రింగులకే పరిమితం అవుతుంది. స్టెప్ 3 నేర్చుకోకుండా పోలరాన్ బొమ్మ బట్టీ పట్టడం ఎందుకు దండగో ఇక్కడ అర్థమవుతుంది.

పక్కన కౌంటర్ అయాన్ (ఆ చార్జ్‌కి జతగా ఉండే వ్యతిరేక చార్జ్) గీయడం మర్చిపోవద్దు. పరీక్షల్లో, పేపర్లలో కూడా ప్లస్ వేసి వదిలేస్తుంటారు, పాలిమర్ అలా ఉండదు. పాలీపైరోల్‌లో సుమారు మూడు నాలుగు రింగులకి ఒక ప్లస్, దానికి జతగా ఒక క్లోరైడో టోసిలేటో ఉంటుంది, బరువులో అది చాలా పెద్ద వాటా. పెడాట్‌కి జత పీఎస్ఎస్ (పాలీస్టైరీన్ సల్ఫోనేట్), అదే ఒక పొడవాటి నెగటివ్ పాలిమర్, నీటిలో చెదిరి ఉండేది దాని పుణ్యమే. ఆగ్ఫా వాళ్లు ఫోటో ఫిల్మ్ మీద స్టాటిక్ రాకుండా పూసింది ఈ జంటనే.

స్టెప్ 7: అన్నీ కలిపి పాలీఅనిలిన్ మీద

మొదటిసారి ల్యాబ్‌లో చేసేవాళ్లకి నేను ఎప్పుడూ పాలీఅనిలినే చెప్తాను. హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ)లో కూడా దీని సాల్టుల మీద ఏళ్ల తరబడి పని జరిగింది, కాలేజీ ల్యాబ్‌లో దొరికే కెమికల్స్‌తోనే అయిపోతుంది.

ముందు కాగితం. నాలుగు పారా రింగులు, వాటి మధ్య నాలుగు నైట్రోజన్లు. నాలుగూ ఎన్‌హెచ్ అయితే, రింగులన్నీ బెంజినాయిడ్ అయితే అది ల్యూకోఎమరాల్డిన్, పూర్తిగా రెడ్యూస్డ్. అందులోంచి రెండు హైడ్రోజన్లు తీసేయండి: రెండు నైట్రోజన్లు ఇమైన్లు అవుతాయి, వాటి మధ్య రింగ్ క్వినాయిడ్ అవుతుంది. మూడు బెంజినాయిడ్, ఒక క్వినాయిడ్, రెండు ఎన్‌హెచ్, రెండు ఇమైన్, ఇది ఎమరాల్డిన్ బేస్, నీలం. ఇంకో రెండు హైడ్రోజన్లు తీస్తే పర్నిగ్రానిలిన్, పూర్తిగా ఆక్సిడైజ్డ్. నాలుగు రింగులు గీయమన్నది ఇందుకే, తక్కువ గీస్తే ఎమరాల్డిన్ కుదరదు.

ఇప్పుడు ఎమరాల్డిన్ బేస్‌కి యాసిడ్ ఇవ్వండి. ప్రోటాన్ వెళ్లి కూర్చునేది ఇమైన్ నైట్రోజన్ల మీద, అమైన్ల మీద కాదు. రెండు ప్లస్‌లు, మధ్యలో క్వినాయిడ్, అంటే మీరు గీసిన బైపోలరానే. తర్వాత ఎలక్ట్రాన్లు సర్దుకుని క్వినాయిడ్ రింగ్ మళ్లీ బెంజినాయిడ్ అవుతుంది, రెండు రాడికల్ కేటయాన్లు (ప్లస్, ఒంటరి ఎలక్ట్రాన్ రెండూ ఉన్నవి) చెయిన్ వెంట సమాన దూరాల్లో విడిపోతాయి. ఒక్క ఎలక్ట్రాన్ కూడా తీయలేదు, పెట్టలేదు, ఉత్త ప్రోటాన్‌తోనే సెంటీమీటర్‌కి 10 పవర్ మైనస్ 10 సీమెన్స్ దగ్గర ఉన్నది 1 నుంచి 10 సీమెన్స్ దాకా ఎగిరింది. రాగి ఆరు లక్షల దగ్గర ఉంటుంది కాబట్టి ఇది మెటల్ అని చెప్పట్లేదు, కానీ ప్రోటాన్ డోపింగ్ అనేది మిగతా పాలిమర్లలో ఇంత శుభ్రంగా కనపడదు.

ఆక్సిడెంట్ ఎంత వెయ్యాలో కూడా బొమ్మే చెప్తుంది. ఒక్కో అనిలిన్ చెయిన్‌లో చేరాలంటే రెండు హైడ్రోజన్లు, అంటే రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకోవాలి. ఎమరాల్డిన్ స్థాయికి రావాలంటే నాలుగు యూనిట్లకి ఇంకో రెండు, అంటే యూనిట్‌కి అర. మొత్తం 2.5. పర్‌ఆక్సీడైసల్ఫేట్ ఒక్కోటి రెండు ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది, 2.5 ని 2 తో భాగిస్తే 1.25. అంతర్జాతీయ కెమిస్ట్రీ సంస్థ ఐయూపీఏసీ తరఫున 2002లో ప్రచురించిన పద్ధతిలో ఉన్న నిష్పత్తి సరిగ్గా ఇదే.

ఆ పద్ధతి ఇలా: 2.59 గ్రాముల అనిలిన్ హైడ్రోక్లోరైడ్‌ని నీటిలో కరిగించి 50 మిల్లీలీటర్లు చెయ్యండి, 5.71 గ్రాముల అమోనియం పర్‌ఆక్సీడైసల్ఫేట్‌ని ఇంకో 50 మిల్లీలీటర్లు చెయ్యండి. రెండూ గంటసేపు గది ఉష్ణోగ్రతకి రానిచ్చి ఒక బీకర్‌లో కలిపి కొంచెం తిప్పి మర్నాటి దాకా వదిలేయండి. ఫ్యూమ్ హుడ్, గ్లౌజులు తప్పనిసరి, అనిలిన్ చర్మం గుండా లోపలికి పోతుంది, రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీస్తుంది.

కలిపిన వెంటనే బీకర్ వదిలి వెళ్లిపోకండి మాత్రం. మొదట కాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది, తర్వాత లేత నీలం, అది చూస్తుండగానే ముదిరి నల్లబడుతుంది, బీకర్ వేడెక్కుతుంది, చివరికి ఆకుపచ్చ. ఆ నీలం ప్రోటాన్ పట్టుకున్న పర్నిగ్రానిలిన్, ఆక్సిడెంట్ అయిపోయాక అది మిగిలిన అనిలిన్‌ని ఆక్సిడైజ్ చేసి తాను ఎమరాల్డిన్‌గా దిగుతుంది. రియాక్షన్ సాగేకొద్దీ యాసిడ్ బయటికి వస్తుంది, మొదలు కూడా యాసిడ్‌లోనే ఉండాలి, ఆల్కలీలో మొదలుపెడితే బ్రౌన్ రంగు ఆలిగోమర్లు (కొద్ది యూనిట్ల చిన్న చెయిన్లు) వస్తాయి, పారా లింకులు సరిగ్గా ఉండవు, కండక్టివిటీ రాదు.

మర్నాడు ఫిల్టర్ చేసి 0.2 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ 100 మిల్లీలీటర్ల చొప్పున మూడుసార్లు, తర్వాత ఎసిటోన్‌తో అలాగే కడగండి. ఉత్త నీటితో కడిగితే ప్రోటాన్లు కొన్ని పోతాయి, అందుకే యాసిడ్. గాలిలో, ఆ తర్వాత వాక్యూమ్‌లో 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి. లెక్క ప్రకారం 2.2 గ్రాముల దగ్గర రావాలి. ఆ పద్ధతితో వేర్వేరు ల్యాబుల్లో చేసిన శాంపిళ్ల సగటు కండక్టివిటీ సెంటీమీటర్‌కి 4.4 సీమెన్స్. కొంచెం పొడి తీసి అమోనియా ద్రావణంలో వేసి కదపండి, ఆకుపచ్చ పోయి నీలం వస్తుంది, మళ్లీ యాసిడ్ వేస్తే ఆకుపచ్చ.

స్టెప్ 8: స్పెక్ట్రమ్‌తో సరిచూసుకోండి

యూవీ విజిబుల్‌లో అబ్సార్ప్షన్ మొదలయ్యే చోటు, అంటే ఎర్ర వైపు అంచు ఎన్ని నానోమీటర్లో చూసి 1240ని దానితో భాగించండి, ఆప్టికల్ గ్యాప్ ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది. పీ3హెచ్‌టీ ఫిల్మ్ అంచు 650 దగ్గర, అంటే 1.9. సైక్లిక్ వోల్టామెట్రీలో (వోల్టేజ్ పెంచుతూ తగ్గిస్తూ కరెంట్ కొలిచే పద్ధతి) వచ్చే గ్యాప్ సాధారణంగా దీనికంటే కొంచెం ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే వెలుతురుతో పుట్టే ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాన్ వెళ్లిన చోట మిగిలే ప్లస్ ఖాళీ) ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటూ ఉంటాయి, రెండు నంబర్లూ సరిపోలేదని కంగారు పడొద్దు.

ఎమరాల్డిన్ బేస్‌కి 330, 630 దగ్గర రెండు పీకులు, 630ది క్వినాయిడ్ వల్ల. సాల్ట్ అయితే 430 దగ్గర, 800 దాటి పోలరాన్ పీకులు. ఐఆర్‌లో 1590 క్వినాయిడ్, 1500 బెంజినాయిడ్, రెండూ ఇంచుమించు సమానంగా ఉంటే ఎమరాల్డిన్ స్థాయిలో ఉన్నట్టు.

చెయిన్ పొడవు గురించి ఒక చిన్న లెక్క మీరే చేసి చూడండి. రెండు థయోఫీన్ల ఆలిగోమర్ పీక్ దాదాపు 303 నానోమీటర్లు, మూడుకి 354, నాలుగుకి 390, ఆరుకి 432. ఎలక్ట్రాన్ వోల్టుల్లోకి మారిస్తే 4.09, 3.50, 3.18, 2.87. వీటిని 1 బై ఎన్‌తో (ఎన్ అంటే రింగుల సంఖ్య) గ్రాఫ్ గీస్తే చక్కటి సరళరేఖ, ఎన్ అనంతం దగ్గర 2.26 దగ్గర తగులుతుంది. కానీ ద్రావణంలో వందల రింగులున్న పీ3హెచ్‌టీ 450 దగ్గరే, అంటే 2.76 దగ్గరే ఆగింది కదా. రేఖ చెప్పినంత కిందకి రాకపోవడానికి కారణం స్టెప్ 4, పొడవాటి చెయిన్ మధ్యమధ్యలో మెలి తిరిగి చిన్న ముక్కల్లా ప్రవర్తిస్తుంది. అందుకే కాంజుగేషన్ లెంగ్త్ వేరు, చెయిన్ లెంగ్త్ వేరు.

స్టెప్ 9: తెలియని పాలిమర్ మీద ప్రయత్నించండి

ఎఫ్8బీటీ తీసుకుందాం: ఒక డైఆక్టైల్‌ఫ్లోరీన్, ఒక బెంజోథయాడయాజోల్, మార్చి మార్చి. దారి తెగలేదు, ఆక్టైళ్లు దారి పక్కన, కాబట్టి కరుగుతుంది. బెంజోథయాడయాజోల్ ఎలక్ట్రాన్లు లాక్కునే రింగ్, ఫ్లోరీన్ ఇచ్చే వైపు, పైగా అతికి ఉన్న రింగ్ వల్ల క్వినాయిడ్‌కి కొంత సాయం. కాబట్టి ఉత్త పాలీఫ్లోరీన్ కంటే గ్యాప్ తక్కువ ఉండాలి. ఉంది: పాలీఫ్లోరీన్ 385 దగ్గర పీల్చుకుని నీలం వెలుగు ఇస్తుంది, ఎఫ్8బీటీ 460 దగ్గర పీల్చుకుని పసుపు కలిసిన ఆకుపచ్చ ఇస్తుంది. 1990లో కేంబ్రిడ్జ్‌లో పీపీవీతో మొదటిసారి పాలిమర్ ఎల్ఈడీ వెలిగించినప్పుడు కూడా రంగు ఆకుపచ్చ పసుపే, ఆ గ్యాప్‌తో పోల్చి చూడండి, దగ్గరదగ్గరగా ఉంటాయి.

తర్వాత మీరే చెయ్యాల్సింది కార్బజోల్. దాన్ని 2,7 స్థానాల దగ్గర కలిపి ఒక పాలిమర్, 3,6 దగ్గర కలిపి ఇంకో పాలిమర్ గీయండి. మోనోమర్ ఒకటే, అణువులన్నీ అవే. 2,7లో లింకులు రెండు రింగుల్ని కలిపే బాండ్‌కి పారా, ఫ్లోరీన్‌లాగే దారి నేరుగా పోతుంది. 3,6లో అవి ఆ బాండ్‌కి మెటా, నైట్రోజన్‌కి పారా, కాబట్టి ఎలక్ట్రాన్లు నైట్రోజన్ మీదుగా వెళ్లాలి, కాంజుగేషన్ చిన్న ముక్కలకే పరిమితం. సోలార్ సెల్స్ కోసం చేసిన పీసీడీటీబీటీలో వాడింది 2,7 కార్బజోల్. ఆ పాలిమర్‌లో కార్బజోల్ తర్వాత వచ్చే రెండు థయోఫీన్లు, మధ్యలో బెంజోథయాడయాజోల్ గీసి, స్టెప్ 1 నుంచి మళ్లీ మొదలుపెట్టండి.